మామిడికి చెల్లినది చేపకు చెల్లదు

ఖాళీ అయిన గాజు సీసాను పారవేయుట మన యిండ్లలో అలవాటు లేదు. తేనె వచ్చిన సీసాలో మెంతులు, పాలపొడి వచ్చిన సీసాలో కందిపప్పు, మూత పోయిన సీసాలో కల్లుప్పు చేరును. ఈ పొదుపు మన తల్లులు మనకు నేర్పిన సుగుణము. దానిని విడువుమని చెప్పుటకు ఈ వ్యాసము వ్రాయుట లేదు. అయితే అట్టి పాత సీసాలో చెరువు చేపల పచ్చడి నింపి, పైన వ్రేలెడు నూనె పోసి, మూత బిగించి, వంటింటి అలమరలో నెలల తరబడి నిలువ చేయు అలవాటు ఒకటి కలదు. ఆ అలవాటును గూర్చి కొంత నిష్ఠురముగానే మాటలాడవలసి యున్నది.

నా స్వంత యింటి సంగతితో ప్రారంభించెదను. కొల్లేటి ప్రాంతమున నుండు మా మేనత్త చేపల పచ్చడి పెట్టుటలో ఆ చుట్టుప్రక్కల పేరు పొందినది. నా చెల్లెలు తన ఇద్దరు చిన్నపిల్లలతో విదేశమునకు ప్రయాణమగుచున్నదని విని, ఆమె కొరమీను పచ్చడి పెట్టి రెండు కిలోలు పట్టు పాత గాజు సీసాలో నింపి స్వయముగా తెచ్చినది. పెట్టి అప్పటికి ఇరువది దినములైనది. రుచి చూడవలెనని మూత త్రిప్పగా లోపలినుండి గాలి బుస్సుమని వెలువడినది. పైనున్న నూనెలో సన్నని బుడగలు లేచినవి. వాసన మాత్రము నోరూరించునట్లే యున్నది.

వృత్తిచేత నేను ప్రభుత్వ అనువాదకుడను. ఆహారమువలన కలుగు విషవ్యాధులను గూర్చిన ఒక కరపత్రమును ఆ వారమే తెనిగించుచుంటిని. కావున పచ్చడిని ఎవరిని ముట్టనీయక, సీసాతో సహా పారవేసితిని. మా అత్త కన్నులలో నీరు తిరిగినది. "నలభై ఏళ్ళబట్టి పెడుతున్నానురా. మన వాళ్ళలో ఎవరికైనా ఏమైనా అయిందా? వాసన బాగానే ఉంది, నూనె పైకి తేలే ఉంది," అని ఆమె అడిగినది. "నీ చేతిని అనుమానించడం లేదత్తా," అంటిని గాని, ఆమె అడిగిన ప్రశ్నకు ఆనాడు సరియైన సమాధానము చెప్పలేకపోతిని. ఆరు నెలలు ఆమె నాతో మాటలాడలేదు. ఆమె ప్రశ్న తప్పు ప్రశ్న కాదు. మన గృహిణులలో అనేకులు అడుగదగిన ప్రశ్నయే అది. దానికి సమాధానమే ఈ వ్యాసము.

మాట చేసిన మోసము

మన పొరపాటునకు మూలము కొంతవరకు మన భాషయందే కలదు. మామిడికాయతో చేసినను పచ్చడియే, గోంగూరతో చేసినను పచ్చడియే, చేపతో చేసినను పచ్చడియే. ఆంగ్లమునందలి 'పికిల్' అను మాటయు ఇట్టిదే. అది అన్నిటిని ఒకే గాట కట్టును. నావంటి అనువాదకులు ఆ మాట కనబడినప్పుడెల్ల ఆలోచింపక 'ఊరగాయ' అని వ్రాసివేయుదుము. కాని ఆ తెలుగు మాట తన అర్థమును తానే చెప్పుచున్నది. ఊరినది కాయ. చేప కాయ కాదు.

ఈ భేదము వ్యాకరణమునకు సంబంధించినది మాత్రమే కాదు, ప్రాణమునకు సంబంధించినది. పచ్చి మామిడి, నిమ్మ, చింత, ఉసిరి వీనియందు పులుపు పుట్టుకతోనే యున్నది. పులుపును కొలుచుటకు శాస్త్రజ్ఞులు 'పి.హెచ్.' అను కొలబద్దను వాడుదురు. అందు 7 అనునది పులుపు గాని క్షారము గాని లేని స్వచ్ఛమైన నీటి స్థానము. అంకె తగ్గినకొలది పులుపు హెచ్చును. 4.6 అనునది అందలి హద్దురాయి. అంతకు దిగువనున్న పులుపులో, మనము ముఖ్యముగా భయపడవలసిన క్రిమి పెరుగజాలదు. మామిడి, నిమ్మ మొదలగునవి ఆ హద్దునకు ఎంతో దిగువ నుండును. చేప మాంసమో, 6కును 7కును నడుమ నుండును. అనగా మామిడి తన రక్షణను తానే తెచ్చుకొనును. చేప ఏ రక్షణయు లేక సీసాలో ప్రవేశించును. మనము పిండిన నిమ్మరసమును, వేసిన ఉప్పును తప్ప దానికి వేరు దిక్కు లేదు.

ఎన్ని నిమ్మకాయలు పిండిన చాలును? ఈ ప్రశ్నకు వంటింటిలో నిక్కమైన సమాధానము లేదు. కాయ కాయకు పులుపు వేరు. రసము పరిమాణము వేరు. పైగా కారము, ఉప్పు, వెల్లుల్లి కలిసిన పచ్చడిలో ఎంత పులుపున్నదో నాలుక చెప్పలేదు. పెద్ద ముక్కలైనచో పైపొర పులిసినను నడిమి భాగము చప్పగానే మిగులవచ్చును. క్రిమి నాలుకతో తీర్పు చెప్పదు. ముక్క నడుమ చోటు దొరికిన చాలును.

ఎవరీ శత్రువు?

ఈ క్రిమి పేరు క్లాస్ట్రీడియం బొట్యులినం. ఇది కలిగించు వ్యాధిని బొట్యులిజము అందురు. ఇది ప్రపంచమంతట మట్టియందును, నదుల, చెరువుల అడుగు బురదయందును, చేపల ప్రేవులయందును సిద్ధబీజముల రూపమున నుండును. విత్తనము వలె గట్టి పొర గల ఈ సిద్ధబీజములు నిద్రాణముగా నున్నప్పుడు పెద్దలకు సామాన్యముగా ఏ హానియు చేయవు. వానికి మేల్కొని మొలచుటకు కావలసిన పరిస్థితులు ఇవి: గాలి లేని చోటు, తగినంత తేమ, పులుపును ఉప్పును తక్కువగా నుండుట, గదియందలి సామాన్యమైన వెచ్చదనము. ఇప్పుడు అలమరలోని ఆ సీసాను మరల తలచుకొనుడు. మూత బిగించితిమి, నూనె పోసి గాలిని అడ్డగించితిమి, లోపల మెత్తని చేప ముక్క యున్నది. పులుపు చాలకపోయెనా, ఆ క్రిమికి కావలసిన ఇల్లు మన చేతులతోనే కట్టి యిచ్చినట్లు.

నూనెను గూర్చి ఇచ్చట ఒక మాట చెప్పవలెను. మామిడి పచ్చడిపై నూనె తేలియుండవలెనని పెద్దలు చెప్పినది సత్యమే. బూజునకు గాలి కావలెను. నూనె ఆ గాలిని ఆపును. కాని పైన చెప్పిన క్రిమికి గాలియే గిట్టదు. కావున మామిడికి కవచమైన నూనె చేపకు కవచము కాదు. అది శత్రువును దాచు ముసుగు కూడ కావచ్చును.

"మేము ముక్కలను బాగుగా వేయించుచున్నాము గదా" అని కొందరందురు. వేయించుట ఎంతయు అవసరమే. అందువలన మామూలు క్రిములును, చేపలోని పురుగుల పిల్లలును నశించును. కాని నూనె ఎంత కాగినను, ముక్క లోపల నీరున్నంతవరకు అచ్చటి వేడి 100 డిగ్రీలకు మించదు. సిద్ధబీజములు ఆ వేడికి చావవు. వానిని చంపుటకు ముక్క నడుమ 121 డిగ్రీల వేడి సుమారు 3 నిమిషములు నిలువవలెను. డబ్బాలలో చేపను నింపు కర్మాగారములు ఆవిరి ఒత్తిడితో చేయు పని అదియే. నింపిన సీసాను మరుగు నీటిలో దించినందువలన ఇంటిలో ఆ ఫలితము రాదు. వంటింటి ప్రెషర్ కుక్కరును ఈ పనికై పరీక్షించి యిచ్చినది కాదు. కావున ఆ ప్రయత్నము చేయరాదు.

వ్యాధి అరుదే; అంగీకరింతును. కాని వచ్చినప్పుడు అది చేయు పని దారుణము. సామాన్యముగా తిన్న 12 గంటల నుండి 36 గంటల లోపల, ఒక్కొక్కప్పుడు కొన్ని దినముల పిదప, లక్షణములు పొడసూపును. కనురెప్పలు వ్రాలును. ఒక వస్తువు రెండుగా కనబడును. నోరెండును, మాట ముద్దగా వచ్చును, మ్రింగుట కష్టమగును. పిదప చేతులు, కాళ్ళు బలహీనమై, తుదకు ఊపిరి తీయు కండరములు స్తంభించును. జ్వరముండదు, తెలివి తప్పదు. రోగికి అంతయు తెలియుచునే యుండును.

ఉదాహరణములు దూరదేశములవైనను పాఠము మనకు దగ్గరిదే. 1963లో అమెరికాలోని మహా సరస్సుల మంచినీటి చేపను పొగబెట్టి, గాలి చొరని సంచులలో కట్టి అమ్మినప్పుడు, దానిని తిన్నవారిలో కొందరు ఈ వ్యాధిచే మరణించిరి. 1991 ఏప్రిల్‌లో ఈజిప్టు దేశమున, కడుపు చీల్చి శుభ్రము చేయకయే ఉప్పులో ఊరవేసిన చేపను పండుగనాడు తిని 91 మంది ఆసుపత్రుల పాలైరి; వారిలో 18 మంది మరణించిరి. ఆ ఉప్పుచేప అచ్చటివారికి క్రొత్త వంటకము కాదు. తరతరములుగా పండుగకు తిను వంటకమే. ఆచారము ప్రాచీనమగుట ఆ సీసాకు గాని ఆ కుండకు గాని హామీ కాదు.

నలువది ఏండ్ల అనుభవము

ఇక మా అత్త ప్రశ్నకు వత్తును. నలువది ఏండ్లుగా ఎవరికిని ఏమియు కాలేదు గదా? నిజమే. అనుభవమును తృణీకరించువాడను నేను కాను. కాని ఆ నలువది ఏండ్లలో ఆమె చేసినది ఏమి? ఆమెనే తరువాత అడిగి తెలిసికొంటిని. పూర్వము ఒక చేప దొరికిననాడు కొద్దిగా పెట్టి, నాలుగైదు దినములలో ముగించెడివారట. ముక్కలను చిన్నవిగా కోసి, గలగలమనునట్లు వేయించెడివారట. ఉప్పు దండిగా వేసెడివారట. పులుపు పండ్లు జివ్వుమనునంత యుండెడిదట.

నేడు ఏమి జరుగుచున్నది? రక్తపుపోటు గలవారు ఇంటనున్నారని ఉప్పు తగ్గించితిమి. దినమునకు 5 గ్రాములకంటె తక్కువ ఉప్పు తినుడని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఆ తగ్గింపు మంచిదే. పిల్లలు తినరని పులుపు తగ్గించితిమి. ముక్క మెత్తగా నుండవలెనని వేయించుట తగ్గించితిమి. పట్టణములందును, విదేశములందును ఉన్న బంధువులకు పంపుటకై పరిమాణము పెంచితిమి, నిలువ యుంచు కాలమును పెంచితిమి. ఒక్కొక్క మార్పునకు ఒక్కొక్క సరియైన కారణమే యున్నది. కాని అన్నియు కలిసినప్పుడు వెనుకటి పచ్చడికిని నేటి పచ్చడికిని పేరు తప్ప పోలిక మిగులలేదు. పద్ధతి మారినది, నమ్మకము మాత్రము మారలేదు. నలువది ఏండ్ల అనుభవము వెనుకటి పచ్చడికి సాక్ష్యమే గాని, నేటి పచ్చడికి కాదు.

మరియు మన పెద్దలు చేపను ఏడాది పొడవున నిలువ చేయదలచినప్పుడు పచ్చడిని ఆశ్రయింపలేదు. ఎండు చేప, ఉప్పు చేప అను రెండు మాటలు మన భాషలో స్థిరపడి యున్నవి. ఎండ తేమను తీసివేయును. దట్టమైన ఉప్పు మిగిలిన తేమను క్రిమికి అందనీయదు. ఈశాన్య భారతమున అస్సాము, త్రిపుర ప్రాంతములవారును పరిగె వంటి చిరుచేపలను ముందుగా ఎండబెట్టిన పిదపనే మట్టికుండలలో కూరి మాగబెట్టుదురు. దానిని వండుకొని తిందురు. చేపల పులుసు మరునాడు మరింత రుచియని మెచ్చుకొను మన ఇండ్లలో, పొద్దున దానిని మరల మరిగించిన తరువాతనే వడ్డించెడి నాయనమ్మలు ఉండిరి. వేడి, ఎండ, ఉప్పు, పులుపు: ఈ కావలివాండ్రు లేక చేపను విడిచిపెట్టరాదని వారికి శాస్త్రము చదువకయే తెలియును.

సీసాను గూర్చి

గాజు మంచి వస్తువు. పులుపు, ఉప్పు దానిని కరిగింపలేవు. అల్యూమినియము, రాగి, ఇత్తడి పాత్రలలో పుల్లని పదార్థములను నిలువ చేయుటకంటె గాజు ఎంతో మేలు. దోషము గాజులో లేదు. దానిపై మనము మోపిన భారములో నున్నది. సీసా పచ్చడిని ఉంచును గాని కాపాడలేదు.

పాత సీసాను వాడదలచినవారు మొదట దాని పుట్టుపూర్వోత్తరములు విచారింపవలెను. కిరసనాయిలు, పురుగుమందు, రంగు, ఫినాయిలు, ఔషధము ఉంచిన సీసాను ఎన్ని మారులు కడిగినను ఆహారమునకు వాడరాదు. పిదప సీసాను వెలుతురులో పట్టి చూడవలెను. నెఱ్ఱె, బుడిపె, మూతి దగ్గర పెచ్చు లేచిన చోటు కనబడినచో దానిని విడువవలెను; ఆ పెచ్చు ముక్క పచ్చడిలో పడి గొంతులో చేరవచ్చును. మూతి ఇరుకైన సీసా పనికిరాదు. చేయి పోని చోటికి శుభ్రతయు పోదు. పాత రేకు మూతలకు లోపలిపూత చెదరి త్రుప్పు పట్టును, పులుపు తగిలిన త్రుప్పు హెచ్చును. కావున సీసా పాతదైనను మూత మాత్రము క్రొత్తదిగా నుండుట మేలు.

సీసాను సబ్బుతో తోమి కడిగి, గిన్నె అడుగున గుడ్డ పరచి, చల్లని నీటిలో మునుగునట్లు పెట్టి, ఆ నీటిని మెల్లగా కాచి, మరిగిన పిదప 10 నిమిషములు ఉంచవలెను. చల్లని సీసాను వేడి నీటిలో వేసినను, వేడి పదార్థమును చల్లని సీసాలో పోసినను గాజు పగులును. తీసిన తరువాత గుడ్డతో తుడువక, బోర్లించి తనంతట తానే ఆరనీయవలెను. అయితే ఒక్కటి మరువరాదు. ఇంత చేసినను శుభ్రమైనది సీసా మాత్రమే. చేపతో వచ్చిన సిద్ధబీజములు చేపతోనే యున్నవి.

అయినచో ఏమి చేయవలెను?

చేపల పచ్చడి పెట్టవద్దని నేననుట లేదు. అట్లు చెప్పిన కరపత్రమును ఎవరును చదువరు, చదివినను పాటింపరు. నా యభిప్రాయము ఇది: చేపల పచ్చడిని ఊరగాయగా గాక, కొద్ది దినములు నిలుచు కూరగా భావింపవలెను. ఈ ఒక్క మార్పు మనస్సులో కలిగినచో తక్కినవన్నియు వానంతట అవియే సరిపడును.

కొరమీను గాని, శీలావతి గాని, బొచ్చె గాని, చేప తాజాదిగా నుండవలెను. కొనిన వెంటనే కడుపు చీల్చి ప్రేవులు, మొప్పలు, కడుపులోని నల్లని పొర పూర్తిగా తీసి, ధారాళమైన మంచి నీటితో కడుగవలెను. ముక్కలు చిన్నవిగా నుండవలెను. పచ్చి చేపను ఉప్పులోను, పులుపులోను ఊరవేసి తినుట ఎంతమాత్రమును తగదు. థాయిలాండు, లావోసు దేశములలో పచ్చి చేపను, సరిగా ఉడుకని చేపను తినుటవలన కాలేయమున చేరు ఒక పురుగు పిత్తనాళపు పుట్టకురుపునకు కారణమగుచున్నదని 1994లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ నిర్ధారించినది. పులుపును ఉప్పును నమ్ముకొని ఇట్టి పురుగులను లెక్కచేయకుండుట తెలివి కాదు. ముక్క నడిమి వరకు బాగుగా ఉడుకవలెను, వేగవలెను.

పులుపునకై వినెగరు వాడువారు సీసాపై ఎసిటిక్ ఆమ్లము ఎంత శాతమో చదువవలెను. 5 శాతము గలది మేలు. దానిలో నీరు కలుపరాదు. నిమ్మరసము వాడువారు రుచికై పిసినారితనము చూపరాదు. పచ్చడి చల్లారిన పిదప, పావు కిలో, అర కిలో పట్టు చిన్న సీసాలలో నింపి, వండిన 2 గంటల లోపల ఫ్రిజ్జులో పెట్టవలెను. ఫ్రిజ్జు 4 డిగ్రీలకు మించని చలిలో నుండవలెను. తలుపు అరలో గాక లోపలి అరలో పెట్టుట మంచిది. నెల దాటకుండ ముగింపవలెను. తడి చెంచా పెట్టరాదు. భోజనమునకు కావలసినంత మాత్రము వేరు గిన్నెలోనికి తీసికొని, సీసాను మరల లోపల పెట్టవలెను. చలియొక్కటియే చాలునని భ్రమపడరాదు. చేపలతో సంబంధము గల ఈ క్రిమి రకమొకటి 3 డిగ్రీల చలిలో సైతము మెల్లగా పెరుగగలదు. కావున వేడి, పులుపు, ఉప్పు, చలి అను నలుగురు కావలివాండ్రును కలిసి నిలువవలెను.

ఫ్రిజ్జు లేని ఇండ్లు మన దేశమున ఇంకను అనేకములు. వారికి నా సలహా: ఆ పూటకు సరిపడు పచ్చడి చేసి ఆ పూటనే తినుడు. మిగిలిన చేపను ఉప్పు పట్టించి, ఈగలు వ్రాలకుండ వల కప్పి, గట్టిపడునంతవరకు ఎండబెట్టుడు. బాగుగా ఎండిన చేపకు ఏ సీసాయైనను చాలును.

బంధువులకు పంపువారు కూడ ఆలోచింపవలెను. ప్రయాణపు సంచిలో రెండు మూడు దినములు వెచ్చగా నున్న చేపల పచ్చడి, గమ్యమున ఫ్రిజ్జు చేరినంతమాత్రమున నిర్దోషము కాదు. ప్రేమను పంపవలెనన్నచో మామిడి పచ్చడి కలదు, గోంగూర కలదు. ఇంట చేసి అమ్ముకొని జీవించు సోదరీమణుల కష్టమును నేనెరుగుదును. అయితే 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణముల చట్టము ప్రకారము వారును నమోదు చేయించుకొనవలెను. అది కేవలము కాగితపు పని కాదు. తమ పచ్చడి పులుపును ప్రయోగశాలలో కొలిపించుకొని, ఆ కొలతకు కట్టుబడి చేసినప్పుడే వారి వ్యాపారమునకును, కొనువారి ప్రాణమునకును రక్షణ. 1957లో కొచ్చిలో స్థాపింపబడిన కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ చేపలను నిలువ చేయు పద్ధతులపై పరిశోధన చేయుచున్నది. అట్టి సంస్థల విజ్ఞానమును గ్రామ గ్రామమునకు, ఆ గ్రామముల భాషలో చేర్చుట ప్రభుత్వముల బాధ్యత. ఆ బాధ్యతలో నావంటి అనువాదకులకును భాగము కలదు.

అనుమానము కలిగినప్పుడు

మూత ఉబ్బినను, తెరచినప్పుడు గాలి చిమ్మినను, బుడగలు లేచినను, చెడు వాసన వచ్చినను ఆ పచ్చడిని తినరాదు. 'కొంచెము రుచి చూచి చెప్పెదను' అనుట అన్నిటికంటె పెద్ద తప్పు. ఈ విషము అతి స్వల్ప మాత్రములోనే పని చేయును. ఈ గుర్తులేవియు లేకున్నను విషముండవచ్చును. కావున నెలల తరబడి అలమరలో నిలిచిన చేపల పచ్చడి చూపునకు ఎంత చక్కగా నున్నను విడువవలసినదే. ఈ విషము వేడికి విరుగునను మాట నిజమే. ముక్క నడిమి వరకు 85 డిగ్రీల వేడి 5 నిమిషములు తగిలిన అది నశించును. కాని దానిని ఆసరాగా తీసికొని అనుమానపు పచ్చడిని మరిగించి తినుట తెలివిగల పని కాదు. మూత తీయకయే, సీసాతో సహా, కుక్కలకును కోళ్ళకును అందకుండ కట్టి పారవేయవలెను. పిదప చేతులు సబ్బుతో కడుగుకొనవలెను.

ఎవరికైనను రెప్పలు వ్రాలుట, చూపు రెండగుట, మాట తడబడుట, మ్రింగలేకపోవుట కనబడినచో తెల్లవారువరకు ఆగరాదు. 108కి గాని 112కు గాని ఫోను చేసి వెంటనే పెద్ద ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ఏమి తినినదియు, ఎప్పుడు తినినదియు వైద్యునకు చెప్పవలెను. మిగిలిన పచ్చడి యున్నచో మూత పెట్టి వెంట తీసికొనిపోవలెను. ఈ వ్యాధికి విరుగుడు మందు కలదు. ఊపిరికి యంత్రపు సహాయము కలదు. ఎంత త్వరగా చేరిన అంత మేలు.

నేను పారవేసిన ఆ సీసాలో విషమున్నదో లేదో కంటితో తేల్చుటకు మార్గము లేదు. నా మేనత్త చేతి రుచికంటె నా చెల్లెలి పిల్లల ఊపిరి ముఖ్యమని మాత్రమే ఆనాడు తలచితిని. నేటికిని అట్లే తలచుచున్నాను. ఆరు నెలల పిదప ఆమెకు ఈ సంగతులన్నియు నిదానముగా వివరించితిని. అంతయు విని ఆమె, "ఆ మాట ఆ రోజే ఇలా కూర్చోబెట్టి చెప్పొచ్చుగదరా," అన్నది. ఆమె చెప్పినది న్యాయమే.

మొన్న సంక్రాంతికి ఆమెవద్దనుండి మరల ఒక పాత గాజు సీసా వచ్చినది. మూత క్రొత్తది. లోపల గలగలలాడు ఎండు పరిగెలు. మా ఇంట దానికి చక్కని స్థానము దొరికినది. ప్రతి యింటను పాత సీసాలకు అట్టి స్థానమే దొరకుగాక! పప్పులకు, మెంతులకు, ఎండు చేపకు అవి ఎప్పటివలెనే ఉపయోగపడును. చేపల పచ్చడికి మాత్రము చిన్న సీసా, చల్లని చోటు, కొద్ది దినములు.